స్వానుభవంతో ఉత్తరాది

ఆ రోజు ఉదయం గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. నాలుగింటికి ఆఫీసులోంచి చల్లగా జారుకోవాలి, కాడ విరిగిన కళ్లజోడు బాగుచేయించుకోవాలి, చీకటి పడకముందే ఇల్లు చేరాలి. పదీ పదికి యజమానురాలు తన గది తలుపు తెరిచి పిలవడంతో ఆ పథకం కాస్తా మూలపడింది.

అది యాత్రలు నడిపే చిన్న కంపెనీ. మూడు బల్లలు, వాటి వెనక గోడనిండా కోటల బొమ్మలు. మధ్య బల్ల గుమాస్తాది. దాని మీద "ఉత్తరాది యాత్ర: స్వానుభవంతో సలహాలు" అన్న అట్ట నిలబెట్టి ఉంటుంది. పదకొండు రోజుల్లో నాలుగు పాత నగరాలు, వాటినిండా కోటలు, ఒక పాలరాతి సమాధి, ఆఖర్న పులుల అడవి. పంతొమ్మిదేళ్లుగా ఆ యాత్రను అతనే అమ్ముతున్నాడు. పాలరాతి మీద వెన్నెల ఎలా జారుతుందో, కోట కిటికీలోంచి గాలి ఎలా వచ్చి పలకరిస్తుందో, పులి బయటికి రాబోయే ముందు అడవి ఎలా ఊపిరి బిగబట్టుకుంటుందో అతను చెప్తూంటే వినేవాళ్లు ఒళ్లు మరిచిపోయేవాళ్లు. ఊరికే కనుక్కుపోదామని వచ్చినవాళ్లు అత్తమామల పేర్లతో సహా రాయించుకుని వెళ్లేవాళ్లు.

చిక్కల్లా ఒకటే. గుమాస్తా జన్మలో ఉత్తరాది మొహం చూడలేదు.

ఉద్యోగానికి వచ్చిన రోజున యజమానురాలు "ఉత్తరాది చూశారా?" అని అడిగింది. ఉద్యోగం అత్యవసరం కాబట్టి "చూడకేమండీ!" అన్నాడు. అంతే, అక్కణ్ణించి ఆ మాట దానంతటదే పెరిగింది. పెళ్లికి ముందు కాబోయే భార్యతో మొదటిసారి మాట్లాడినప్పుడు, ఏం మాట్లాడాలో తోచక, "ఆ సమాధి ముందు వెన్నెట్లో నిలబడి, నాకు భార్యంటూ వస్తే ఇక్కడికే తీసుకురావాలనుకున్నానండీ" అనేశాడు. ఆవిడ కాసేపు అతని మొహంలోకి చూసి, సరేనని పెళ్లి చేసుకుంది. ఇప్పుడు అతని దగ్గరున్న పరువంతా, ఆఫీసులోదైనా ఇంట్లోదైనా, ఆ ఒక్క అబద్ధం మీదే నిలబడి ఉంది.

"మన గైడు కాలు విరిగింది," అంది యజమానురాలు.

"అయ్యో! కోట మీంచి పడ్డాడాండీ?"

"వాళ్లింటి స్నానాల గదిలో. రేపు బయల్దేరే వాళ్లని మీరు తీసుకెళ్లాలి. ఇరవై రెండు మంది."

"నేనాండీ? మరి నా బల్ల..."

"బల్లెక్కడికి పోతుంది? మీకు తెలియని చోటా అది? కళ్లకి గంతలు కట్టినా తిప్పుకొస్తారు. రెండు సీట్లు మిగిలాయి, మీ ఆవిణ్ణి కూడా తీసుకెళ్లండి. పాపం, ఇన్నేళ్లూ మీ నోట వినడమే గానీ చూసింది లేదు."

దారులు బస్సు డ్రైవరుకు తెలుసు. మాటలే గుమాస్తావి. గైడును అడుగుదామంటే గుట్టు రట్టవుతుంది. సాయంత్రం దాకా బల్ల ముందు కొయ్యబొమ్మలా కూర్చున్నాక అతని చూపు సొరుగులో ఉన్న ఫిర్యాదుల పుస్తకం మీద పడింది. యాత్ర నుంచి తిరిగొచ్చినవాళ్లు తమ కష్టాలు అందులో రాసిపోతారు. పంతొమ్మిదేళ్లుగా వాటిని చదివేవాడు అతనొక్కడే. ఉత్తరాది గురించి అతనికి నిజంగా తెలిసిందంతా ఆ పుస్తకంలోనే ఉంది. దానికి అట్ట వేసి, పైన పెద్ద అక్షరాలతో "చరిత్ర" అని రాసి సంచిలో పెట్టుకున్నాడు. కళ్లజోడుకు దారం కట్టుకున్నాడు.

మొదటి కోట ముందు ఇరవై రెండు మందీ తలలెత్తి నిలబడ్డారు. అందరికంటే ముందు గుమాస్తా భార్య నిలబడింది. ఆవిడ పక్కన ఒక రిటైరైన స్టేషన్ మాస్టారు. ఎక్కడ గడియారం కనబడినా తన చేతి గడియారంతో సరిచూసి, తేడా ఉంటే అక్కడున్నవాళ్లను మందలించడం ఆయనకు అలవాటు.

"పదకొండేళ్ల కిందట ఇదే కంపెనీతో ఇదే యాత్ర చేశాను," అన్నారాయన. "అప్పుడు మోకాళ్లు సహకరించలేదు. ఈమధ్యే రెండూ మార్పించుకున్నా. ఈసారి ఒక్క మెట్టూ వదలను."

గుమాస్తా సంచి గట్టిగా పట్టుకున్నాడు. ఇంతలో వెనకనుంచి ఎవరో అడిగారు: "ఈ కోట కట్టించిందెవరండీ?"

గుమాస్తా 'చరిత్ర' తెరిచాడు. కట్టించినవాళ్ల మీద అందులో ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

"ఎవరు కట్టించారో అదిగో, ఆ బోర్డు మీద ఉంది," అన్నాడు గొంతు సవరించుకుని. "బోర్డు చెప్పనివి నేను చెప్తాను. ఎడమవైపు మెట్లెక్కండి. పదిహేడో మెట్టు కదులుతుంది, దాన్ని వదిలేసి పద్దెనిమిదో మెట్టు మీద కాలు పెట్టండి."

అందరూ లెక్కపెట్టుకుంటూ ఎక్కారు. పదిహేడో మెట్టు నిజంగానే కదిలింది. రెండో గుమ్మం దగ్గర తల వంచమన్నాడు, వంచనివాళ్లకు బొప్పి కట్టింది. కుడివైపు కొళాయిలో నీళ్లు రావన్నాడు, రాలేదు. మూడో మండపంలో గబ్బిలాలు రెట్టలు వేస్తాయని టోపీలు పెట్టించాడు, అదే కోట చూస్తున్న పక్క కంపెనీవాళ్లకు టోపీలు లేవు.

"ఏం పరిజ్ఞానమండీ! మెట్టు మెట్టూ తెలుసు ఈయనకి!" అన్నారు జనం. మధ్యాహ్నమయ్యేసరికి పక్క కంపెనీవాళ్లు తమ గైడును రాజవంశాల మధ్య ఒంటరిగా వదిలేసి గుమాస్తా వెనక చేరారు. ఇరవై రెండు మంది నలభై మందయ్యారు. అంతమంది తన మాట వింటూంటే గుమాస్తాకు కూడా తాను ఇక్కడికి లోగడ వచ్చాడేమోనని చిన్న అనుమానం తగిలింది.

మూడో రోజు ఒక బురుజు ఎక్కాక ఆ ఊపులోనే పుస్తకంలో మాటలు ఉన్నవున్నట్టు వల్లించాడు. "నూట పన్నెండు మెట్లు ఎక్కిన మీదట ఈ కిటికీలోంచి కనబడేది ఎదురు గోడ మాత్రమే. ఇది ప్రయాణికుల మోకాళ్ల పట్ల తీరని అపచారం."

స్టేషన్ మాస్టారు చటుక్కున ఆగిపోయారు. "ఈ మాట నేనెక్కడో విన్నాను."

"పెద్దవాళ్లు అంటూంటారండీ."

"ఊఁ. ఎవరన్నారోగానీ చక్కగా అన్నారు," అంటూ ఆయన ఆలోచిస్తూ దిగారు.

పాలరాతి సమాధి కోసం గుమాస్తా ముందు రోజే అందరిచేతా దళసరి మేజోళ్లు కొనిపించాడు. మిట్టమధ్యాహ్నం రాయి కాలుతుందని పుస్తకంలో తొమ్మిది చోట్ల ఉంది. చెప్పులు విప్పిన మిగతా జనమంతా గెంతుతూంటే అతని బృందం దర్జాగా నడిచింది. అంతా సవ్యంగా ఉందనుకుంటున్నప్పుడు భార్య దగ్గరికొచ్చింది.

"ఏవండీ, ఆ రోజు మీరు నిలబడింది ఎక్కడ? అక్కడ నిలబడి ఫొటో తీయించుకుంటా."

గుమాస్తా తోచిన దిక్కుకు చెయ్యి చూపించాడు. అటువైపున్న కాపలావాడు పరుగున వచ్చి ఏదో అన్నాడు. అక్కడి భాష బాగా వచ్చిన స్టేషన్ మాస్టారు మధ్యలో నిలబడి ఇటు మాటలు అటూ, అటు మాటలు ఇటూ చేరవేశారు.

"ఆ భాగం పోయిన నెలదాకా మూసే ఉందిట. ముప్పై ఏళ్ల పాటు తాళమేట."

"నేను వచ్చినప్పుడు తాళం... ఊడి ఉంది," అన్నాడు గుమాస్తా.

మాస్టారు అది చేరవేశారు. కాపలావాడి మొహం వెలిగిపోయింది. "ఒకప్పుడెవరో తాళం పగలగొట్టారుట. అప్పట్నుంచీ ఆ మనిషి కోసమే చూస్తున్నారుట. మిమ్మల్ని ఆఫీసుకి రమ్మంటున్నాడు."

"అబ్బే, అక్కడ కాదండీ! ఈ పక్క, ఈ గడ్డి ఉన్న చోట."

"అక్కడ అప్పట్లో గుంట ఉండేదిట."

"గుంటలోనే నిలబడ్డాను," అన్నాడు గుమాస్తా, ఇక వెనక్కి తగ్గే దారి లేక.

"గుంటలోంచి వెన్నెల చూశారా?" అంది భార్య.

"లోతులో ఉంటే ఇంకా బాగా కనబడుతుంది."

కాపలావాడు ఆ మాటకు తలపట్టుకుని వెళ్లిపోయాడు. భార్య గడ్డిలో నిలబడి ఫొటో తీయించుకుంది. ఫొటోలో ఆవిడ నవ్వును గుమాస్తా ఆ తర్వాత చాలాసార్లు చూసుకున్నాడు గానీ, అదేం నవ్వో తేల్చుకోలేకపోయాడు.

పులుల అడవి సంగతి పుస్తకంలో మరీ స్పష్టంగా ఉంది. నలభై ఒక్క ఫిర్యాదులు, అన్నిటి సారాంశం ఒకటే: పులి కనబడలేదు. దుమ్ము పట్టి కెమెరాలు పాడయ్యాయని మరో పన్నెండు. అందుకని తెల్లవారుజామున పైకప్పు లేని పెద్ద బండి ఎక్కగానే గుమాస్తా ధీమాగా ప్రకటించాడు. "ఆశలు పెట్టుకోకండి. ఇక్కడ పులి లేదు, దుమ్ము ఉంది. ఫోన్లూ కెమెరాలూ ఈ ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి మూడేసి ముడులు వేయండి." అంతవరకూ అతని మాట పొల్లుపోలేదు కాబట్టి అందరూ బిగించి ముడులు వేశారు. కొందరు నాలుగేసి వేశారు. నలుగురైదుగురు హాయిగా కళ్లు మూసుకున్నారు.

అరగంట తర్వాత పులి వచ్చింది.

పొదలోంచి తాపీగా నడిచొచ్చి, బండి పక్కనే, గుమాస్తా సీటుకు నాలుగడుగుల దూరంలో కూర్చుంది. డ్రైవరు ఇంజను ఆపేసి, కదలొద్దని వేలు చూపించాడు. ఎవరో సంచి ముడి విప్పబోయారు. ప్లాస్టిక్ కరకరలాడింది. పులి అటు తల తిప్పింది. ఇరవై రెండు జతల చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అడవి నిజంగానే ఊపిరి బిగబట్టుకుంది. పంతొమ్మిదేళ్లుగా తాను చెప్తున్నది ఇదేనని గ్రహించే స్థితిలో గుమాస్తా లేడు. ఇంక ఇంటికి చేరబోననే అనుకున్నాడు. అబద్ధంతో పోకూడదనిపించింది.

"చూడు," అన్నాడు భార్య చెవిలో. "నేనెప్పుడూ ఇక్కడికి రాలేదు. కోటా చూళ్లేదు, సమాధీ చూళ్లేదు, వెన్నెలా చూళ్లేదు. అంతా అబద్ధం. నీకూ చెప్పాను, మేడమ్‌కీ చెప్పాను. నన్ను క్షమించు."

గుసగుసలాడాననే అనుకున్నాడు. కానీ ఆ నిశ్శబ్దంలో అది వెనక సీటు దాకా వినబడింది.

"తెలుసు," అంది భార్య. "ఊరుకోండి, పులి చూస్తోంది."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటి రోజునుంచీ. మా అన్నయ్య అంతకుముందే వెళ్లొచ్చాడు. ఆర్నెల్లు మోకాళ్ల గురించి, పోయిన చెప్పుల గురించి చెప్పాడు. వెళ్లొచ్చినవాళ్లెవరైనా వెన్నెల గురించి చెప్తారా?"

"మరి పెళ్లెందుకు చేసుకున్నావ్?"

"వెన్నెల బాగుంది," అంది భార్య.

పులి ఆవులించి, లేచి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. బండిలో వాళ్లందరూ ఒక్కసారిగా అతనివైపు తిరిగారు. పులే ఇంకాసేపు ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

"అయితే ఆ పదిహేడో మెట్టు సంగతి మీకెలా తెలిసింది?" అన్నారు స్టేషన్ మాస్టారు.

గుమాస్తా 'చరిత్ర' తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగిపోయారు.

"మోకాళ్ల పట్ల తీరని అపచారం... ఇది నా దస్తూరీ!" అన్నారు. "రైల్వేకి రాశాను, నీళ్ల ఆఫీసుకి రాశాను, తపాలా ఆఫీసుకి రాశాను. ముప్పై ఏళ్లుగా రాస్తూనే ఉన్నాను. ఒక్కడూ చదివిన పాపాన పోలేదు. ఈయన చదివాడు. చదవడమేమిటి, కంఠతా పట్టాడు!" ఆయన లేచి నిలబడి అందరివైపూ తిరిగారు. "ఈయన్ని ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకోను."

అప్పటికే అందరూ ముడులు విప్పుకునే పనిలో పడ్డారు.

తిరిగొచ్చాక ఇరవై ఒక్క మంది ఫిర్యాదులేమీ లేవని సంతకాలు పెట్టారు. స్టేషన్ మాస్టారు మాత్రం అలవాటు మానుకోలేక ఒకటి రాశారు: "పులి వచ్చు విషయమును ప్రయాణికులకు ముందుగా తెలియజేయలేదు."

మర్నాడు గుమాస్తా యజమానురాలి గదిలోకి వెళ్లి, నిలబడే, ఉన్న నిజమంతా చెప్పేశాడు. ఆవిడ అంతా విని, "ఇప్పుడైనా చూశారు కదా. వెళ్లి కూర్చోండి," అంది. బతుకు జీవుడా అనుకుంటూ అతను బల్ల దగ్గరికి చేరాడు.

అయితే ఆ నెల ఉత్తరాదికి ఒక్కరూ పేరు రాయించుకోలేదు. యజమానురాలు తలుపు సందులోంచి చూసింది. "సమాధి ఎలా ఉంటుందండీ?" అని ఒక కొత్త జంట అడుగుతున్నారు. "బాగుంటుంది," అన్నాడు గుమాస్తా. "మేజోళ్లున్నాయా మీకు? కాళ్లు కాలిపోతాయి. మోకాళ్లెలా ఉన్నాయి?" ఆ జంట మళ్లీ వస్తామని చెప్పి లేచారు. యజమానురాలు అతన్ని లోపలికి పిలిచింది.

"దీవుల యాత్ర ఒకటి పెడుతున్నాను. మీరెప్పుడైనా సముద్రం చూశారా?"

గుమాస్తాకు బుద్ధి వచ్చింది. "లేదండీ," అన్నాడు, సూటిగా. "జన్మలో చూడలేదు."

"హమ్మయ్య," అంది యజమానురాలు.

ఆ సాయంత్రమే బల్ల మీది అట్టలో "ఉత్తరాది" కొట్టివేయించి "దీవుల" అని రాయించింది. "స్వానుభవంతో" అన్నది అలాగే ఉంచింది.

మర్నాడు మధ్యాహ్నం లోపల గుమాస్తా ఏడు కుటుంబాలకు సముద్రం మీద వెన్నెల చూపించాడు.