బెల్టు పార్టీ, డిస్కు పార్టీ

ఆ రోజు పొద్దున వడ్రంగి సంగమేశ్వర్ పెట్టుకున్న పని ఒక్కటే. చాయ్ తాగి, జహీరాబాద్ దుకాణానికి ఫోన్ చేసి, ఫలానా సాండర్ మిషన్ పంపమని చెప్పడం. ఒక మనిషి, ఒక ఫోన్, ఒక మాట. ఇంత చిన్న పనికి నారాయణఖేడ్‌లో ఒక బజారు రెండు పార్టీలుగా చీలుతుందని, ఒక పీటకు రెక్కలు వస్తాయని చెప్పి ఉంటే ఆ పొద్దున ఎవరూ నమ్మేవారు కాదు.

సాండర్ అంటే కట్టెను నున్నగా రుద్దే మిషన్. ఒక పక్క గరుకు బెల్టు నిలువుగా గిర్రున తిరుగుతుంది. ఇంకో పక్క పళ్లెమంత గరుకు డిస్కు తిరుగుతుంది. పొడుగు పలకలు బెల్టుకు, అంచులూ మూలలూ డిస్కుకు. కంగ్టి రోడ్డు మీది సంగమేశ్వర్ దుకాణంలో ఇన్నాళ్లూ ఈ పనంతా రెండు జతల చేతులు చేశాయి. తలుపు రెక్కను దిమ్మెల మీద పడుకోబెట్టి, ఈ పక్క సంగమేశ్వర్, ఆ పక్క నాగయ్య చెరో దిమ్మె మీద కూర్చునేవారు. గరుకు కాగితంతో తలుపునూ, నోటితో ఊరినీ కలిపి రుద్దేవారు. వాళ్ల చేతిలో పడ్డ తలుపు మీద ఒకసారి ఈగ వాలబోయి, కాలు జారి, కిందపడి నడుము విరగ్గొట్టుకుందట. ఈగకు నడుమెక్కడిదని ఎవరో అడిగితే నాగయ్య తల ఎత్తకుండానే అన్నాడు. "ఇప్పుడేడుంటది? ఇరిగింది గద."

ఆ నాగయ్య పటాన్‌చెరులో ఏదో ఫ్యాక్టరీకి వాచ్‌మన్‌గా వెళ్లిపోయాడు. మొదట్లో రోజూ ఫోన్ చేసేవాడు. తర్వాత పండుగలకు చేశాడు. ఇప్పుడు జేబులో ఫోన్ దానంతట అది నొక్కుకుంటే వస్తుంది, అవతల ఫ్యాక్టరీ చప్పుడు తప్ప ఏమీ వినపడదు. అయినా సంగమేశ్వర్ కోసేయడు, కాసేపు వింటాడు.

సంగమేశ్వర్‌కు పెళ్లాం పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. తలుపుకు ఈ పక్క రుద్ది, లేచి, చుట్టూ తిరిగి వెళ్లి ఆ పక్క రుద్దుతున్నాడు. ఒకరోజు ఈ పక్క కూర్చుని ఏదో ముచ్చట మొదలుపెట్టి, ఆ పక్కకు వెళ్లి "ఊఁ" కొట్టుకున్నాడు. అప్పుడు తనకే భయమేసింది. మిషన్ కొందామని ఆ పూటే అనుకున్నాడు.

చాయ్ తెచ్చిన విక్టర్‌ను ఊరికే, మాట కలపడానికన్నట్టు అడిగాడు. ఎదురుగా రోడ్డవతల చాయ్ హోటల్ విక్టర్‌దే.

"విక్టర్, సాండర్ తెద్దామనుకుంటున్న. బెల్టు పెద్దది చూడాల్నా, డిస్కు పెద్దది చూడాల్నా?"

విక్టర్ చేతిలోని కెటిల్ కింద పెట్టాడు. నాగయ్య కూర్చునే దిమ్మె మీద కూర్చున్నాడు. "గదేం మాట సంగన్నా! బెల్టే. నువ్వు చేసేటియి తలుపులు గద, పొడుగుంటయి. డిస్కు ఏం జేస్కుంటవ్, రొట్టె కాల్చుకుంటవా?" అని మొదలుపెట్టి, అక్కణ్నుంచి బెల్టుల గొప్పతనం, తన బామ్మర్ది పని చేసే మిల్లు, ఆ మిల్లు ఓనరు పిసినారితనం దాకా వెళ్లాడు. హోటల్లో చాయ్ పొంగి పొయ్యి ఆరిపోయిందని ఎవరో కేకేస్తే గానీ లేవలేదు.

సంగమేశ్వర్ ఫోన్ తీసి, చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. నాగయ్య పోయాక ఆ దిమ్మె మీద మనిషి కూర్చోవడం అదే మొదలు. మిషన్ ఏదో తేలిపోతే రేపు విక్టర్ ఎందుకు కూర్చుంటాడు? జహీరాబాద్ ఎక్కడికీ పోదు.

"నువ్వు చెప్పినంక ఇంకేం ఉన్నది? నీ మాటే ఖాయం" అన్నాడు వెళ్తున్న విక్టర్‌తో.

మర్నాడు పక్కింటి గ్రేసమ్మను అడిగాడు. గ్రేసమ్మ దవాఖానలో నర్సు పని చేసి రిటైరైంది. ఇప్పటికీ ఎవరితో మాట్లాడినా చెయ్యి చాపు, సూది పొడుస్తా అన్నట్టే మాట్లాడుతుంది.

"బెల్టా? ఎవడు చెప్పిండ్రా నీకు? డిస్కు తీస్కో సంగప్పా. మా ఇంట్ల బీరువా మూల తగిలి నా మోకాలు ఎన్నిసార్లు చీరుకపోయింది! మూలలు గుండ్రంగ లేని సామాను సామానే కాదు."

దిమ్మె మీద కూర్చుని మోకాలి చరిత్ర మొత్తం చెప్పింది. సంగమేశ్వర్ ఆనందంగా విన్నాడు. "నీ మాటే ఖాయం అక్కా" అన్నాడు.

ఆ తర్వాత పిండి గిర్ని భూమన్న. సంగమేశ్వర్ దుకాణానికి ఇంకో పక్క గోడ ఆ గిర్నిదే. "బెల్టు, డిస్కు రెండూ పక్కన పెట్టు. మోటర్ చూడాలె మోటర్! త్రీఫేజ్ తీస్కో. కరెంటు నా గిర్నీలకెల్లి గుంజుదాం. మోటర్ల సంగతి నాకెరుక" అన్నాడు. అతని మాటా ఖాయమైంది.

అట్లా నెల గడిచింది. చెప్పుకోవాలంటే సంగమేశ్వర్‌కు మంచి నెల. రోజూ ఎవరో ఒకరు దిమ్మె మీద ఉండేవారు. బజారులో బెల్టు పార్టీ, డిస్కు పార్టీ పుట్టాయి. గ్రేసమ్మ విక్టర్ హోటల్ నుంచి చాయ్ తెప్పించుకోవడం మానేసింది. విక్టర్ ఆదివారం చర్చిలో గ్రేసమ్మ కూర్చున్న వరస వదిలేసి వెనకకు జరిగాడు.

ఇచ్చిన మాటలన్నీ మొయ్యలేని రోజు రానే వచ్చింది. ఒక మధ్యాహ్నం ముగ్గురూ ఒకేసారి దుకాణంలో పడ్డారు.

"బెల్టు లేకుంటే అది సాండరే కాదు!" అన్నాడు విక్టర్.

"నీ నోటికే బెల్టు పెట్టాలె!" అంది గ్రేసమ్మ.

"మోటర్ లేకుంటే మీ రెండూ బోళ్ల కింద పెట్టనీకి గూడ పనికిరావు!" అన్నాడు భూమన్న.

"ఇగ ఈ దుకాణంల అడుగు పెడితే చూడు" అని గ్రేసమ్మ కొంగు దోపుకుని లేచింది. విక్టర్ కూడా లేచాడు. దిమ్మె ఖాళీ అయింది. సంగమేశ్వర్ గుమ్మానికి అడ్డంగా పరుగెత్తాడు. నోటికి ఏదొస్తే అది అనేశాడు. "మిషన్ బయల్దేరింది! మీరు చెప్పిందే! రేపే వస్తది, అందరు రావాలె!"

ముగ్గురూ ఆగారు. ఎవరికి వారు, చెప్పింది తానే కదా అనుకుని, మిగతా ఇద్దరినీ జాలిగా చూసి, నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

సంగమేశ్వర్ అప్పుడు ఫోన్ చేశాడు. దుకాణదారు దుర్గేశ్ అన్నీ విన్నాడు. పెద్ద బెల్టు కావాలి, పెద్ద డిస్కు కావాలి, త్రీఫేజ్ మోటర్ కావాలి, రేపే కావాలి. "ఇవన్నీ ఉన్నది ఒక్కటే ఉన్నదన్నా. హెవీ డ్యూటీ. ఇనుప పోత. కొనేటోడు లేక మూలకున్నది. ఏనుగును పెడితే మేకను చేసి బయటికిస్తది."

"పంపు" అన్నాడు సంగమేశ్వర్.

మరుసటి రోజు వచ్చింది. ఆ బరువుకు ట్రాలీ ఆటో ముందు చక్రం రోడ్డును అప్పుడప్పుడు పలకరిస్తూ వచ్చింది తప్ప ఆనుకుని రాలేదు. డ్రైవర్ మలుపుల దగ్గర దేవుణ్ణీ, తిన్నగా ఉన్నచోట దుర్గేశ్‌నూ తలుచుకున్నాడు. దింపడానికి బస్ డిపో దగ్గరి హమాలీలు వచ్చారు. దుకాణంలో అది పట్టే చోటు ఒక్కటే ఉంది, నాగయ్య దిమ్మె ఉన్నచోటు. దిమ్మెను బయట పడేశారు.

ఇక్కడి బజారులో ఒక పద్ధతి ఉంది. మోటర్‌సైకిల్ కానీ, బోరు కానీ, గిర్ని కానీ, ఎవరి మాట మీద కొన్నారో ఆ మనిషి చేతుల మీదుగానే మొదలుపెట్టాలి. అది కాకముందు స్విచ్ ముట్టుకోకూడదు, తిప్పి చూడకూడదు. అందుకే భూమన్న మిషన్ దిగగానే గిర్నిలోంచి వైరు లాగి, మోటర్‌కు తానే కట్టి, "చూసుడెందుకు, మోటర్ల సంగతి నాకెరుక" అని చేతులు దులుపుకున్నాడు.

గ్రేసమ్మ ఇస్త్రీ చీరలో, బైబిల్‌తో, మొదటి పనికని ఇంటి పీటతో వచ్చింది. భూమన్న కొబ్బరికాయతో వచ్చాడు. విక్టర్ ఎర్ర రిబ్బనూ, కత్తెరా తెచ్చాడు. ముగ్గురూ మిషన్ ముందు ఒకరినొకరు చూసుకున్నారు.

"నువ్వెందుకొచ్చినవ్?" అంది గ్రేసమ్మ.

"నా మాట మీదనే గద కొన్నడు" అన్నాడు విక్టర్.

"నీ మాటా?" అన్నాడు భూమన్న.

సంగమేశ్వర్ వాళ్ల మధ్యలోకి దూరి, "ముందుగాల ప్రార్థన, ప్రార్థన!" అన్నాడు. గ్రేసమ్మ కళ్లు మూసుకుంది. మిషన్‌ను దీవించమంది, సంగప్పను దీవించమంది. తర్వాత, పిండిలో నూక కలిపేవాళ్ల మనసు మార్చమనీ, పాలలో నీళ్లు పోసేవాళ్లను క్షమించమనీ కోరింది. భూమన్న, విక్టర్ కళ్లు మూసుకునే పళ్లు కొరికారు. ఆ కోపంతో కొట్టిన కొబ్బరికాయ మూడు ముక్కలై ఒక ముక్క ఇప్పటికీ దొరకలేదు. రిబ్బన్ తెగింది. విక్టర్ స్విచ్ నొక్కాడు.

భూమన్న గిర్నికి కట్టినట్టే ఇక్కడా కట్టాడు గానీ, త్రీఫేజ్ మోటర్‌కు రెండు వైర్లు అటుదిటు పడితే అది వెనక్కి తిరుగుతుంది. కిందికి తిరగవలసిన డిస్కు పైకి తిరిగింది. సంగమేశ్వర్ గ్రేసమ్మ పీటను డిస్కుకు అలా ఆనించాడో లేదో, పీట చేతిలో లేదు. అది లేచిన ఎత్తు ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. కరెంటు తీగ మీది కాకులు తల వంచాయన్నది అందరూ ఒప్పుకునే మాట. రోడ్డు దాటి, కంగ్టి పోయే ఆటో మీదుగా వెళ్లి, విక్టర్ హోటల్లో మరుగుతున్న పాలగిన్నెలో కూర్చుంది. ఈలోగా బెల్టు కూడా తలకిందులుగా తిరిగి, గోడ మీద నెలల తరబడి పేరుకున్న రంపపు పొట్టునంతా పైకి లేపింది. పొట్టు దిగేసరికి అందరూ ఒకే రంగులో ఉన్నారు. పుట్టి బుద్ధెరిగాక భూమన్న మీద పిండి కాని పొడి పడటం అదే మొదలు.

"నా పీట!" అంది గ్రేసమ్మ.

"నా పాలు!" అన్నాడు విక్టర్.

"బెల్టు లేకుంటే ఇట్లయ్యేది కాదు!" అంది గ్రేసమ్మ.

"డిస్కే గద పీటను లేపింది! నా మాటే ఖాయం అని డిస్కెందుకు తెచ్చిండు?"

"నీ మాటా? నాకు గదే చెప్పిండు!"

"నాకూ గదే చెప్పిండు!" అన్నాడు భూమన్న.

ముగ్గురూ ఒకేసారి సంగమేశ్వర్ వైపు తిరిగారు. 'మీరు కూర్చుంటారనే అట్ల చెప్పిన' అనలేక అతను మిషన్ ఆపాడు.

"మమ్మల్ని ఆడిచ్చినవ్" అంది గ్రేసమ్మ. కేకలేయకుండా అంది, అదే ఎక్కువ తగిలింది. ముగ్గురూ వెళ్లిపోయారు. ఇక దుకాణంలో కాలు పెట్టనని భూమన్న ఒట్టు పెట్టుకున్నాడు. అతని వైరు మాత్రం ఉండిపోయింది, దాన్ని పీకాలంటే కాలు పెట్టాలి.

జహీరాబాద్ నుంచి మెకానిక్ వచ్చి రెండు వైర్లు మార్చి, చాయ్ కూడా వద్దని వెళ్లిపోయాడు. మిషన్ సరిగ్గా తిరిగింది, సరిగ్గా అంటే భయంకరంగా. ఇద్దరు మనుషులు రెండు రోజులు ముచ్చట్లాడుతూ రుద్దే తలుపు, పాలు కాగేలోపు అద్దమైంది. సంగమేశ్వర్ దాన్ని గోడకు ఆనించి చుట్టూ చూశాడు. రోజంతా మిగిలి ఉంది. మిషన్ కాలాన్ని ఆదా చేస్తుందని దుర్గేశ్ చెప్పాడు. కాలం ఒక్కటే తన దగ్గర కావలసినంత ఉన్న వస్తువని సంగమేశ్వర్ అతనికి చెప్పలేదు.

తర్వాత రోజుల్లో ఎవరూ రాలేదు. చాయ్‌ని విక్టర్ వేరే మనిషితో పంపాడు. ఆ మనిషి గ్లాసు గడప మీద పెట్టి పోయాడు. పని లేక సంగమేశ్వర్ ఒక టేకు పలకను మిషన్‌కు పెట్టి ఊరికే రుద్దాడు. రుద్దిందే రుద్దాడు. పలక అట్టయింది, అట్ట తమలపాకయింది, ఇంకాస్త రుద్దితే అవతలి మనిషి కనిపించేవాడు, అవతల మనిషి ఉంటే. మిషన్ రోజంతా అరిచింది. కనీసం అది అరుస్తోంది కదా అనుకున్నాడు.

నాలుగో రోజు గుమ్మంలో నీడ పడింది. గ్రేసమ్మ.

"నేను మాట్లాడనీకి రాలే. తిట్టనీకి వచ్చిన" అంది. "ఉతికి ఆరేసిన తెల్ల చీర సూడు, దుమ్ముల పొర్లిన కోడిలెక్క అయింది. ఆదివారం ఏం కట్టుకపోవాలె?"

"ఏందక్కా?" అన్నాడు సంగమేశ్వర్, మిషన్ ఆపకుండా.

"తెల్ల చీర!"

"ఇనపడ్తలేదు, లోపటికి రా!"

గ్రేసమ్మ లోపలికి వచ్చి తిట్టింది. ఆ వెనకే విక్టర్ పరుగెత్తుకొచ్చాడు. "సంగన్నా, నీ లొల్లికి నా గిరాకీ పరేషాన్! రెండు చాయ్ అన్నోనికి పది పోసిచ్చిన!" భూమన్న గడప బయట నిలబడి చేతులు ఊపుతూ అరిచాడు. గిర్ని గోడ వణుకుతోందట. ఒక్క మాటా వినపడలేదు. కాసేపు ఒట్టునూ, గడపనూ మార్చి మార్చి చూసి, లోపలికి అడుగు పెట్టాడు.

అప్పుడు సంగమేశ్వర్ మిషన్ ఆపాడు. ఎంతో సేపటికి చెవులు కుదుటపడ్డాయి.

"గీ లొల్లంతా డిస్కుది" అన్నాడు విక్టర్ ముందుగా.

"డిస్కుదా? అరిచేది నీ బెల్టు!" అంది గ్రేసమ్మ.

"మోటర్ మాత్రం సప్పుడు చేస్తలేదు, ఇనుండ్రి" అన్నాడు భూమన్న, ఆగిపోయి ఉన్న మోటర్ మీద చెయ్యి వేసి.

దీపాలు పెట్టే వేళ దాకా అది తేలలేదు. మళ్లీ రేపు వచ్చి తేల్చుకుంటామని వెళ్లారు.

ఆ రేపే దుర్గేశ్ ఫోన్ చేశాడు. "అన్నా, చెప్పుడు మర్చిన. దుమ్ము గుంజే సంచి, అదురు ఆపే రబ్బర్లు మిషన్‌తోనే ఇయ్యాలె. బిగిస్తే సప్పుడు ఉండదు, దుమ్ము రాదు. ఎవ్వరికీ తక్లీఫ్ ఉండదు. పంపాల్నా?"

"అసలొద్దు" అని సంగమేశ్వర్ ఫోన్ కోసేశాడు.

ఆ వారం తలుపుల పని పక్కన పెట్టి, టేకు చెక్కతో మూడు కుర్చీలు చేసి, వాటి మూలలన్నీ డిస్కు మీద గుండ్రంగా, వీపులన్నీ బెల్టు మీద నున్నగా రుద్దాడు. నిలబడి తిట్టేవాళ్లు తొందరగా వెళ్లిపోతారు.