ముసల్దానికి గోలీలు

ఆ పొద్దు పద్మమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. ఎండ ముదరకముందే డాబా మీద మిరపకాయలు ఆరబోయాలి. గంప చంకన పెట్టుకుని నాలుగు మెట్లు ఎక్కిందో లేదో, పైనుంచి కొడుకు శైలేందర్ గొంతు వినిపించింది. ఫోన్లో మాట్లాడుతున్నాడు. సిద్దిపేటలో విత్తనాల దుకాణం నడిపే మనిషి, మామూలుగా మాట్లాడితేనే వీధి చివరికి వినపడుతుంది. అలాంటివాడు గుసగుసలాడుతుంటే పద్మమ్మ ఆగిపోయింది.

"అన్నా, గది శాన ముసల్ది. అరవై దాటినయ్. పవర్ ఎక్కువున్న గోలీలు ఏస్తే తట్టుకోదు, పగుల్తది. పొట్టి గోలీలున్నయంటివి గద, గవి సాలు. సప్పుడు గూడ ఎక్కువ రాదు. ముసలాయన ఉన్నన్ని దినాలు మంచిగనే సూస్కున్నడు. ఇప్పుడు నా మీద పడ్డది."

అసలు సంగతి ఇది. శైలేందర్ మాట్లాడుతున్నది హైదరాబాదులో తూటాలమ్మే దుకాణదారుతో. భార్య వినీత తండ్రి గురి పోటీల్లో వాడిన పాత రివాల్వరు, ఆయన పోయాక కాగితాలన్నీ మార్పించుకుంటే అల్లుడి చేతికొచ్చింది. అంచు మీద దెబ్బ పడితే పేలే చిన్న తూటాలు దానికి కావాలి. వాటిలోనూ జోరుగా పోయేవి ఉన్నాయి, నెమ్మదిగా పోయేవి ఉన్నాయి. పాత ఇనుము జోరుకు ఆగుతుందో ఆగదోనని అతని బెంగ.

తల్లికి ఇదంతా చెప్పలేదు. వెనకటికి మిరుదొడ్డిలో ఉన్నప్పుడు ఒక రాత్రి తుపాకులవాళ్లు వచ్చి అన్నం పెట్టించుకుని పోయారు. తెల్లారి వేరే తుపాకులవాళ్లు వచ్చి ఎందుకు పెట్టావని అడిగారు. అప్పటినుంచి పెళ్లి బరాత్‌లో పటాకులు పేలినా పద్మమ్మ తలుపేసుకుంటుంది. ఇక మన భాష సంగతి చెప్పనే అక్కర్లేదు. తుపాకీనైనా ముసలమ్మనైనా 'అది' అనే అంటాం. మందుబిళ్లా గోలీయే, తూటా కూడా గోలీయే.

"అవ్వకు మాత్రం తెల్వనీయకు," అని వినీతతో చెప్పి శైలేందర్ హైదరాబాదు బస్సెక్కాడు. మెట్లు దిగి కింద చాటున మిరపకాయల గంపతో నిలబడ్డ పద్మమ్మకు ఆ మాట కూడా వినపడింది. కన్న కొడుకు ముసల్దంటాడా అని ముందు బాధపడింది. తర్వాత గోలీల సంగతి గుర్తొచ్చి భయపడింది.

కాసేపటికి వినీత ఉప్మా ప్లేటుతో, బీపీ బిళ్లతో వచ్చింది. "అత్తమ్మా, డాక్టర్ గోలీ మార్చిండు. గిది తక్కువ పవర్‌ది."

పద్మమ్మ గోలీని దవడన పెట్టుకుని, కోడలు అటు తిరగ్గానే పూలకుండీలో ఉమ్మేసింది. ఉప్మాలో కొంచెం పిల్లికి వేసింది. పిల్లి తిని, మూతి నాక్కుని, అరుగు మీద కాళ్లు బారజాపి పడుకుంది. పిల్లులు రోజుకు పదహారు గంటలు పడుకుంటాయని పద్మమ్మకు తెలియనిది కాదు. కానీ ఆ రోజు అలా తోచలేదు. నంగునూరులో ఉన్న తమ్ముడు బుచ్చిరాములుకు ఫోన్ చేసింది.

"తమ్మీ, జల్ది రా. నా పానం నా చేతుల లేదు."

బుచ్చిరాములు ఒకప్పుడు వార్డు మెంబరు. ఊళ్లో తగాదాలు తెంపే మనిషి. అరగంటలో వచ్చాడు. వచ్చినవాడికి వినీత మిగిలిన ఉప్మా అంతా పెట్టింది. మర్యాద కొద్దీ రెండోసారి కూడా వడ్డించుకుని తిన్నాడు. ఆమె వంటింట్లోకి పోయాక పద్మమ్మ అతని చెవిలో విషయం చెప్పింది.

బుచ్చిరాములు చేయి పొట్ట మీదికి పోయింది. "గీ ముచ్చట తినకముందు చెప్పాలె గదనే అక్కా."

"తిన్నంకనే అడిగితివి గద."

అతను పిల్లిని చూశాడు. పిల్లి కదల్లేదు. దవాఖానకు పోదామంటే లేవడానికి భయం, ఉందామంటే ఉండటానికి భయం. ఇద్దరూ ఒకే మంచం మీద చేతులు పట్టుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం అన్నం వద్దన్నారు, నీళ్లు కూడా వద్దన్నారు. వినీతకు కంగారు పుట్టి భర్తకు ఫోన్ చేసింది. "జల్ది రాండ్రి. ఇద్దరు అదోతీర్గ సూస్తున్రు."

నాలుగింటికి శైలేందర్ వచ్చాడు. "గోలీలు దొరికినయ్," అని భార్యతో మెల్లగా అంటుండగానే బుచ్చిరాములు గడపకు అడ్డంగా నిలబడ్డాడు.

"ముందుగాల ఒకటి నువ్వు మింగు."

"ఇవి మింగేటియి గావు మామా."

"మరి మా అక్క మింగుతదా?"

శైలేందర్ చేతిలో ఉన్న డబ్బా కోసం ఇద్దరూ గుంజుకున్నారు. మూత ఊడింది. ఇత్తడి తూటాలు గలగలమంటూ పద్మమ్మ పాదాల దాకా దొర్లాయి. ఆమె గోడకు అతుక్కుపోయింది. మందు పెట్టడం కాదు, కాల్చడమేనని అర్థమైంది. మిరుదొడ్డి రాత్రి మొత్తం కళ్ల ముందుకొచ్చింది.

"కొడుకా, గింత తక్లీఫ్ ఎందుకు పెట్టుకున్నవ్. పొమ్మంటే తమ్ముని దగ్గరికి పోదును గద," అంది. ఆమె ఏడవలేదు. శైలేందర్‌కే ఏడుపొచ్చింది.

ఎవరు ఏం విన్నారో, ఏం అనుకున్నారో తేలేసరికి పావుగంట పట్టింది. విషం లేదని తెలిశాక బుచ్చిరాములు కడుపునొప్పి ఆ క్షణమే తగ్గింది, అన్నం పెట్టమన్నాడు. శైలేందర్ బీరువాలోంచి రివాల్వరు తీసి, తూటాలు పెట్టే చక్రం తెరిచి, ఖాళీగా ఉందని అందరికీ చూపించాడు.

"ముసల్దంటే గిదే అవ్వా. నిన్ను నేనట్ల అంటనా?" అని తల్లి కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

పద్మమ్మ దాన్ని దూరం నుంచే చూసింది. కొడుకు తల మీద చెయ్యి పెట్టి కళ్లు తుడుచుకుంది. ఆమెకు ధైర్యం చెబుదామని శైలేందర్ ఇంకో నాలుగు మాటలన్నాడు.

"దీనికేం భయపడకు. శాన నాజూకుది. మెత్తటి బట్టతోని తుడిచి వారం వారం నూనె పెట్టాలె. వానకాలంల ఇంక పైలంగ సూస్కోవాలె."

"ఎవరు పెడ్తరు నూనె?"

"నేనే పెడ్త. ఎంత పనున్నా ఆదివారం పొద్దంత దాని దగ్గర్నే కూసుంట."

అంతటితో పద్మమ్మకు భయం పూర్తిగా పోయి, కోపం మొదలైంది.