పాత కారుకు రంగు వేయించిన పుణ్యం

ఇంట్లో పాత కారుండీ దానికి ఇంకా రంగు వేయించని దురదృష్టవంతులారా, మీకు నా ప్రగాఢ సానుభూతి! మనశ్శాంతి కోసం యోగా క్లాసులెందుకండీ? ఆ కారునొకసారి షెడ్డుకు తోయించండి చాలు.

మాది నాన్నగారి తెల్ల అంబాసిడర్. ఆయన పోయాక ఫిల్మ్‌నగర్‌లో మా ఇంటి ముందు కవరు కప్పుకుని పడుకుంది. "ఈ ఈస్టర్‌కి అందులోనే చర్చికి వెళ్దాంరా. ముందు సీట్లో కూర్చుని ఎన్నేళ్లయిందో!" అంది మా అమ్మ ధనమ్మ. సరేనని బోరబండలో హనుమంతు షెడ్డుకు చేర్చాను.

"పైపైన ఒక కోటింగ్ కొట్టివ్వు" అన్నాను. ఎంత అమాయకుణ్ణి!

"గట్లెట్ల కొడ్తం సార్? పాత రంగంతా గీకాలె. గీకితే రేకు ఉంటదో పోతదో దేవునికెరుక. మీరు ఫికర్ చెయ్యకున్రి" అన్నాడు హనుమంతు.

గీకాడు. రంగు కింద రేకు లేదు. నేల కనిపించింది!

రంగని మొదలైన ఖర్చు డోర్లు, సీట్లు, ఇంజను అంటూ తడిసి మోపెడైంది. అయితేనేం? లాభాలు చూడండి. కారు షెడ్డులో ఉన్నన్నాళ్లూ పెట్రోలు ఖర్చుందా? ఒక్క చలానా పడిందా? జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు ట్రాఫిక్‌లో ఒక్కసారైనా ఇరుక్కున్నానా? అప్పులడిగే చుట్టాలైతే ఫోన్లే మానేశారు, నేనే ఎక్కడ అడుగుతానోనని! ఇంతటి ప్రశాంతత హిమాలయాల్లోనైనా దొరుకుతుందా?

ఈస్టర్ పోయి క్రిస్మస్ దగ్గర పడ్డాక కారు తళతళలాడుతూ ఇంటికొచ్చింది. హనుమంతుకు ఇవ్వాల్సింది మాత్రం ఇంకా మిగిలే ఉంది. ఎదురింటి ప్రేమ్ చంద్ సినిమాలకు ప్రొడక్షన్ మేనేజరు. "షూటింగులకు కిరాయికివ్వండి, పెట్టిందంతా రాబట్టుకోవచ్చు" అన్నాడు. ఇచ్చాను.

ఆ రోజు నుంచి మా కారు కళామతల్లి సేవలో తరిస్తోంది! ఒకచోట ఎర్రబుగ్గ పెట్టుకుని మంత్రిగారి కారైంది. ఇంకోచోట బంతిపూలు కట్టుకుని పెళ్లికారైంది. మొన్నొక డైరెక్టరు "మరీ మెరుస్తోంది, పాతగా కనపడాలి" అన్నాడట. ఆర్ట్ డిపార్ట్‌మెంటు వాళ్లు బ్రష్షులు పట్టుకుని ఒళ్లంతా తుప్పు మరకలు వేశారు. నేను డబ్బుపోసి వదిలించుకున్న తుప్పును వాళ్లు డబ్బుపోసి వేయించుకున్నారు. ఇంతమందికి పని కల్పించే పథకం ఏ ప్రభుత్వమైనా పెట్టిందా?

అమ్మ మాత్రం ప్రతి వారం ఒకటే పాట. "ఈ ఆదివారమైనా కారు ఖాళీయేనా?"

"షూటింగుందమ్మా."

"అయితే నాకే ఒక వేషమిప్పించరా. అలాగైనా ఎక్కుతాను."

తీసుకెళ్లాను. డైరెక్టరు అమ్మను కింద నుంచి పైదాకా చూసి, "సారీ అండీ, అమ్మగారికి కారు ఓనర్ లుక్ లేదు" అన్నాడు. పాపం, దయగల మనిషి. ఉత్తచేతులతో పంపలేదు. కారు వెళ్తుంటే రోడ్డు పక్కన నిలబడి దండం పెట్టే ముసలమ్మ వేషమిచ్చాడు!

యాక్షన్ అన్నారు. ముందు సీట్లో పట్టుచీర కట్టుకున్న నటీమణిని కూర్చోబెట్టుకుని మా అంబాసిడర్ ఠీవిగా కదిలింది. మా అమ్మ చేతులు లేవలేదు.

"ఏందమ్మా గట్ల నిలబడ్డవ్? దండం పెట్టు!" అని అరిచాడు అసిస్టెంటు.

"ఎవరికయ్యా పెట్టేది? అది నా మొగుడి కారు!" అంది అమ్మ.

యూనిట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను. వేషం అక్కడితో పోయింది, ఇద్దరం ఆటోలో ఇంటికొచ్చాం. ఆ రంగు ఖర్చు తీరేదాకా అది ఆవిడ మొగుడి కారు కాదని ఆవిడకు చెప్పే ధైర్యం నాకింకా రాలేదు.