ఉత్తమ సేవా బృందానికి నేను వేసిన మార్కులు

విద్యార్థులకు సేవ చేయడం ఏమంత గొప్ప పని కాదు. సేవ చేసినవాళ్లను ఎంపిక చేసి, స్టేజీ ఎక్కించి, శాలువా కప్పి, ఫోటో తీయడం గొప్ప పని. ఈ సంగతి నాకు అరవై మూడేళ్లు నిండాక గానీ తెలిసిరాలేదు.

నేను జనగామలో ఉంటాను. జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. వారానికోసారి ఇలా పేపర్లో రాస్తుంటాను కాబట్టి కొందరు నన్ను మేధావి అనుకుంటారు. ఆ పొరపాటు వల్లే పోయిన నెల ఒక యూనివర్సిటీ నుంచి ఫోన్ వచ్చింది. స్టూడెంట్ సర్వీసెస్ సెక్షన్లలో 'ఉత్తమ సేవా బృందం' ఏదో తేల్చడానికి ముగ్గురితో జ్యూరీ వేశారట. అందులో నేనొకణ్ణి. యూనివర్సిటీ పేరు మాత్రం అడగకండి. వాళ్ల భోజనం తిని వచ్చినవాణ్ణి, వాళ్ల పేరు బజారుకెక్కించడం మర్యాద కాదు.

అవార్డుకు పోటీ పడే ప్రతి సెక్షన్ నలభై పేజీల ఫైలు ఇవ్వాలని రూలు. ఫైలు తయారు కావాలంటే టైం కావాలి. టైం దొరకాలంటే విద్యార్థులు అడ్డం రాకూడదు. అందుకే సర్టిఫికెట్ల సెక్షన్ వాళ్లు కిటికీకి ఒక కాగితం అంటించారు: 'అవార్డు పనుల దృష్ట్యా పదిహేను రోజులు సేవలు నిలిపివేయడమైనది.' సేవను ఇంత సీరియస్‌గా తీసుకున్న ఆఫీసును మీరెక్కడైనా చూశారా?

ఆ సెక్షన్ సూపరింటెండెంట్ జగన్మోహన్ గారు. చేతులు కట్టుకుని మాట్లాడే మంచి మనిషి. కంప్యూటర్లో రంగురంగుల బొమ్మలు చూపించి, మూడేళ్లుగా తమ సెక్షన్ మీద ఒక్క ఫిర్యాదూ లేదన్నారు. అదెలా సాధ్యమైందని అడిగాను. ఫిర్యాదు ఇవ్వాలంటే పని పూర్తయినట్టు రసీదు జతచేయాలని ఆయన వివరించారు. పని పూర్తయినవాడు ఫిర్యాదు ఎందుకిస్తాడు? పూర్తికానివాడికి రసీదు ఎక్కడిది? నేను ముగ్ధుణ్ణయ్యాను. దేశంలోని ఆఫీసులన్నీ ఈ పద్ధతి పట్టుకుంటే ప్రజలకు ఇక కష్టమనేదే ఉండదు కదా!

అప్పుడే కిటికీ అవతల ఒక అమ్మాయి కనబడింది. పేరు శ్రీలత, ఊరు టేకుమట్ల. నాయిన సాంబయ్య కూలి పనికి పోతాడు. రెండు బస్సులు మారి రావడం ఆమెకు అది మూడోసారి. జనగామలో బీఈడీ సీటు వచ్చింది. మరునాడు సాయంత్రం నాలుగింటిలోగా అక్కడ టీసీ ఇవ్వకపోతే ఆ సీటు వేరేవాళ్లకు పోతుంది. ఈ వివరాలన్నీ తర్వాత తెలిశాయి. అప్పటికి మాత్రం ఆ పిల్ల కిటికీ ఊచ పట్టుకుని, ఎవరి మొహం చూడాలో తెలియక మా ముగ్గురినీ మార్చిమార్చి చూస్తోంది.

జ్యూరీ ముందు జగన్మోహన్ గారి గుండె కరిగింది. ఆమెను లోపలికి పిలిచి, కుర్చీ వేయించి, టీ తెప్పించారు. పరేషాన్ కావద్దని ధైర్యం చెప్పారు. ఫోన్ కెమెరా పెట్టించి, మా సేవలు ఎట్లున్నయో రెండు ముక్కలు చెప్పమన్నారు.

ఆ పిల్ల టీ గ్లాసు కింద పెట్టింది.

"టీసీ చేతికొస్తే చెప్త సార్" అంది.

టీసీ రెడీగానే ఉంది. దాన్ని ఆమె చేతిలో పెట్టి ఫోటో తీశారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. తర్వాత ఆ టీసీని మళ్లీ వెనక్కి తీసుకున్నారు. దాని మీద సంతకం లేదట. సంతకం పెట్టాల్సిన ఆఫీసరు అవార్డు కమిటీ కన్వీనరట. ఆయన ఆడిటోరియంలో ఫ్లెక్సీ కట్టిస్తున్నారు కాబట్టి సోమవారం రమ్మని జగన్మోహన్ గారు చెప్పారు. ఆమె ఏడవలేదు. బ్యాగు భుజాన వేసుకుని గోడ పక్కకు పోయి నిలబడింది.

ఇక్కడ ఉప్పలయ్య గురించి చెప్పాలి. సెక్షన్లో అటెండరు, అవుట్ సోర్సింగ్ మనిషి. ఏ కాగితం ఏ బీరువాలో ఏ అరలో ఉందో పన్నెండేళ్లుగా ఆయనకే తెలుసు. శ్రీలత టీసీని పొద్దున వెతికి బయటికి తీసింది కూడా ఆయనేనట. కుర్చీలు వేయడానికి ఆడిటోరియం నుంచి అప్పటికి రెండుసార్లు కబురొచ్చింది. ఆయన బల్ల మీది టీసీని తీసి ఫైల్లో పెట్టుకుని బయల్దేరాడు. నాకు కాళ్లు పట్టేసి ఉన్నాయి, కాస్త నడుద్దామని నేనూ వెంట వెళ్లాను.

కన్వీనరు గారు ఫ్లెక్సీలో తన ఫోటో చిన్నదైందని బాధలో ఉన్నారు. కుర్చీలు ఇంకా ఎందుకు వేయలేదని కోప్పడ్డారు.

ఉప్పలయ్య ఫైలు తెరిచి ముందు పెట్టాడు. "గీ పిల్లకు రేపే ఆఖరు రోజు సార్. జర సంతకం పెట్టుండ్రి. మూడు వందల కుర్చీలు నేనొక్కణ్ణే ఏస్త."

కన్వీనరు గారు ఉప్పలయ్యను ఒకసారి, ఖాళీ హాలును ఒకసారి చూసి సంతకం పెట్టారు.

ఉప్పలయ్య వెనక్కి వచ్చి టీసీ ఇచ్చాడు. ఆ పిల్ల దండం పెట్టబోతే, ముందు బస్సు అందుకోమని పంపించేశాడు. అన్న మాట ప్రకారం మూడు వందల కుర్చీలూ వేశాడు.

మేం మార్కులు వేసే కాగితంలో ఫైలుకు, ప్రజెంటేషన్‌కు, శుభ్రతకు, ఫిర్యాదులు లేకపోవడానికి గడులున్నాయి. ఉప్పలయ్యకు గడి లేదు. అడిగితే, బృందమంటే పర్మనెంట్ సిబ్బంది మాత్రమేనన్నారు. రూలును మన్నించి నేను నూటికి తొంభై నాలుగు వేశాను.

మధ్యాహ్నం ఫంక్షన్లో ఆ సెక్షన్‌కే మొదటి బహుమతి వచ్చింది. స్క్రీన్ మీద శ్రీలత ఫోటో వేసి, 'ఒక్క రోజులో టీసీ' అని చదివారు. తొమ్మిది మంది స్టేజీ ఎక్కారు. ఉప్పలయ్య స్టేజీ కింద మైకు వైరు పట్టుకుని నిలబడ్డాడు.

మరునాడు జనగామ బస్టాండులో శ్రీలత కనిపించింది. సీటు ఖాయమైందట. వెంట సాంబయ్య కూడా ఉన్నాడు. ఆ పిల్ల నన్ను గుర్తుపట్టి ఒకే ఒకటి అడిగింది.

"టీసీ తెచ్చిచ్చిన ఆ బాపు ఫోన్ నంబర్ ఉన్నదా సార్? సీటొచ్చిందని చెప్పాలె."

నా దగ్గర లేదు. సిగ్గేసింది. రెండు వారాల తర్వాత ఆ కబురు చెప్పడానికే నేను యూనివర్సిటీకి వెళ్లాను. సెక్షన్లో ఆయన లేడు. ఆడిటోరియంలో కుర్చీలు తుడుస్తూ దొరికాడు. ఫంక్షన్ రోజు వరుసలు అంత నీటుగా వేసినందుకు మెచ్చుకుని, అక్కడికే మార్చారట. ప్రతిభను గుర్తించడమంటే ఇదే కదా.

సీటు సంగతి చెబితే ఆయన మొహం విచ్చుకుంది. మీకూ అవార్డు ఇవ్వాల్సిందని నేనేదో గొణిగాను. ఆయన తుడవడం ఆపాడు.

"నాకు గవన్నీ ఎందుకు సార్. నన్ను మళ్ల ఆ బీరువాల కాడికి పంపుమనుండ్రి. పిల్లలు ఉత్తచేతులతోని తిరిగి పోతున్నరట."

నేను సెక్షన్‌కు వెళ్లాను. కిటికీ ముందు పదకొండు మంది నిలబడి ఉన్నారు. కాగితాలు ఎక్కడున్నాయో తెలియడం లేదని లోపల ఇద్దరు బీరువాలు తిరగేస్తున్నారు. జగన్మోహన్ గారు నన్ను ఆదరంగా కూర్చోబెట్టారు. ఉప్పలయ్యను వెనక్కి పిలిపించండి, ఆయన లేక ఇక్కడ పని నడవడం లేదు అన్నాను.

ఆయన నొచ్చుకోలేదు. నవ్వుతూ అన్నారు.

"పని నడవకపోవుడేంది సార్? తొంభై నాలుగు మార్కులు మీరే ఏస్తిరి కదా."

మార్కులు వేసింది నేనే. బయటికొచ్చి ఆ పదకొండు మంది వెనకాల కాసేపు నిలబడ్డాను.