ఫోటోలో ఉన్నదే పెళ్ళి

అడవి పెద్దదే. అందులో పులులున్నాయి, ఏనుగులున్నాయి, ఒక ఆఫీసుంది, ఆఫీసులో కదలని ఫైళ్ళున్నాయి. ఫోటో స్టూడియో మాత్రం ఒక్కటే. దాని యజమాని కొండముచ్చు సుందరరామం.

సుందరరామానికి కెమెరా స్టాండు అక్కర్లేదు. పొడుగాటి తోకని చుట్ట చుట్టి దానిమీద కెమెరా నిలబెట్టేవాడు. పనిమంతుడే. పిల్లి ఫోటో తీస్తే పులికి దగ్గర చుట్టంలా వచ్చేది. అడవిపంది ఫోటో తీస్తే ఇంట్లో నాలుగు బీరువాల పుస్తకాలున్న పెద్దమనిషిలా వచ్చేది.

కానీ గిరాకీ లేదు. ముఖ్యంగా పెళ్ళి గిరాకీ. నక్కలు రెండు కూతలు కూసుకుని, అయిపోయిందనుకుని వెళ్ళిపోయేవి. పావురాలు ఆ కూతలు కూడా దండగనుకునేవి.

"వాళ్ళ పెళ్ళిళ్ళు వాళ్ళకి గుర్తుంటాయి. ఫోటోలెందుకు?" అంది భార్య మాణిక్యం. రీళ్ళు కడగడం, ఫోటోలు తీగ మీద ఆరెయ్యడం ఆవిడ పని.

"గుర్తుండటమే మన వ్యాపారానికి దెబ్బ," అన్నాడు సుందరరామం.

ఆ మధ్యాహ్నమే ఒక ఉపాయం తట్టింది. అడవి సంఘం అధ్యక్షుడు ఎలుగుబంటి భద్రయ్యని స్టూడియోకి పిలిచి, పొట్టకి అడ్డంగా పూలకుండీ పెట్టి, ఒక చెయ్యి గడ్డం కింద పెట్టించి ఫోటో తీశాడు.

భద్రయ్య ఆ ఫోటోని చాలాసేపు చూసుకున్నాడు.

"ఇది నేనేనా?"

"మీరే. ఇన్నాళ్ళూ మిమ్మల్ని ఎవరూ సరిగ్గా చూడలేదంతే."

భద్రయ్య కళ్ళు తుడుచుకున్నాడు. మర్నాడు ఫోటో ఆఫీసు గోడెక్కింది. ఆ వారమే తీర్మానం కూడా వచ్చింది. సుందరరామం చెబుతుంటే గుమాస్తా గురునాథం రాశాడు. గురునాథం అలుగు. ఒళ్ళంతా పొలుసులు. కష్టమైన ప్రశ్న ఎవరైనా అడిగితే చటుక్కున బంతిలా ముడుచుకుపోతాడు. అందుకే అతని ఉద్యోగానికి ఏ ఢోకా లేదు.

తీర్మానంలో మూడే ముక్కలు. ఫోటో లేని పెళ్ళి పెళ్ళి కాదు. ఫోటోలో ఉన్నదే పెళ్ళి. ఫోటో మీద సుందరరామం స్టూడియో ముద్ర ఉండాలి.

ఇంకేముంది! తెల్లారేసరికి స్టూడియో ముందు వరస. మనవళ్ళున్న జంటలు కూడా దండలేసుకుని వచ్చేశాయి. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన ఒక తోడేలు, "అంటే నాకింకా పెళ్ళి కాలేదన్నమాట!" అని గంతేసి, పక్కనున్న భార్య చూపు చూసి, బుద్ధిగా వరసలో నిలబడ్డాడు.

సుందరరామానికి నడక మారింది, గొంతు మారింది. పెళ్ళిళ్ళకి వెళితే పురోహితుడు కొంగశాస్త్రిని కూడా "మీరు కొంచెం పక్కకి జరగండి" అనడం మొదలుపెట్టాడు. కొంగశాస్త్రి జరిగేవాడు. ముహూర్తం కూడా జరిగేది.

అప్పుడొచ్చింది ముళ్ళపందుల పెళ్ళి. పెళ్ళికూతురు చారుమతి, మాటకారి. సుందరరామాన్ని చిన్నప్పట్నుంచీ బాబాయ్ అని పిలుస్తుంది. పెళ్ళికొడుకు పురుషోత్తం మెతక మనిషి. తుమ్ము వినపడినా అదిరిపడతాడు, అదిరినప్పుడల్లా ముళ్ళన్నీ లేస్తాయి.

పొద్దున్న తొమ్మిదింటికి ముహూర్తం. ఎనిమిదిన్నరకి సుందరరామం పెళ్ళికొడుకుని వాగు దగ్గరికి పంపాడు. "నీళ్ళవంక చూస్తూ నిలబడు బాబూ. భవిష్యత్తు గురించి ఆలోచిస్తున్నట్టు. నేనొచ్చి తీస్తా."

ఈలోగా పందిట్లో వెలుతురు చూసుకోవాలి. పాత రీల్లో ఒక్క బొమ్మ మిగిలింది. పెళ్ళికొడుకు పీట మీద ఎవరో ఒకరు కూర్చోవాలి కదా! కెమెరాని తనంతట తనే నొక్కుకునేటట్టు పెట్టి, బాసికం తలకి తగిలించుకుని, ఒక్క దూకులో వెళ్ళి చారుమతి పక్కన కూర్చున్నాడు.

"బాబాయ్, బాసికం నీకే బాగుంది," అంది చారుమతి పకపకా నవ్వుతూ.

సుందరరామం కూడా నవ్వాడు. క్లిక్!

కొత్త రీలు వేసి, వాగు దగ్గర పెళ్ళికొడుకు ఫోటో తీసి, అతన్ని పందిట్లోకి వెంటబెట్టుకొచ్చాడు. పెళ్ళి మొదలైంది. జీలకర్ర బెల్లం మూడుసార్లు పెట్టించాడు, మొదటిసారి చెయ్యి అడ్డమొచ్చిందని, రెండోసారి కొంగశాస్త్రి ముక్కు అడ్డమొచ్చిందని. దండలు మార్చుకునే వేళకి బాగా దగ్గరికొచ్చి, పురుషోత్తం మొహం మీద ఫ్లాష్ వెలిగించాడు.

పురుషోత్తం అదిరిపడ్డాడు. ముళ్ళు లేచాయి. దండ ఫట్టున తెగి బంతిపూలు వానలా కురిశాయి. ఇదే తలంబ్రాల ఘట్టమనుకుని మూడు వందలమంది చుట్టాలు ఒక్కసారే అక్షింతలు విసిరారు. కొంగశాస్త్రి రెండో కాలు కూడా దించి పరిగెత్తాడు. బాజాభజంత్రీలు వాటంతటవే మోగాయి. అందరూ పడీపడీ నవ్వారు. ఆ గొడవలోనే పురుషోత్తం తాళి కట్టేశాడు. అంత సరదా పెళ్ళి అడవిలో అంతవరకూ జరగలేదు.

ఆ గందరగోళంలో ఒక ముల్లు కెమెరాకి చిల్లు పెట్టింది. అది సుందరరామం చూసుకోలేదు.

సాయంత్రం మాణిక్యం రీళ్ళు కడిగింది. కొత్త రీలంతా వెలుతురు తాగేసి పాడైపోయింది. దండల్లేవు, తాళి లేదు, పురుషోత్తం అసలే లేడు. పాత రీలు చివరి బొమ్మ మాత్రం అద్దంలా వచ్చింది.

"చాలా బాగా పడ్డారు," అంది మాణిక్యం, దాన్ని తీగకి తగిలిస్తూ.

"రేపు ఇద్దర్నీ పిలిచి మళ్ళీ తీస్తా," అన్నాడు సుందరరామం, మొహం అటు తిప్పుకుని.

కానీ తెల్లవారి అతను నిద్రలేచేసరికి, పెళ్ళి ఫోటో రికార్డుకెక్కించడానికి గురునాథం వచ్చి ఉన్నాడు. తీగ మీది ఫోటో తీసుకుని ముక్కుకి ఆనించి చూశాడు. "పీటలున్నాయి. బాసికం ఉంది. ఆడపిల్ల ఉంది. మగవాడున్నాడు." బల్ల మీదున్న స్టూడియో ముద్ర తీసి ధన్‌మని కొట్టాడు.

"అయ్యో గురునాథం! అది వెలుతురు చూసుకోవడానికి తీసింది!"

"వెలుతురు సంగతి తీర్మానంలో లేదండీ."

"నాకు ఇంట్లో భార్య ఉంది కదయ్యా!"

గురునాథం ముడుచుకుపోయాడు. తర్వాత అలాగే దొర్లుకుంటూ ఆఫీసుకి వెళ్ళిపోయాడు, ఫోటోతో సహా.

ఆ రోజే సంఘం సమావేశం. అడవంతా వచ్చింది. చారుమతి, పురుషోత్తం వచ్చారు. పురుషోత్తానికి ముళ్ళు దిగడం లేదు.

"అధ్యక్షులవారూ! ఆ ఫోటో అబద్ధమండీ," అని చేతులు జోడించాడు సుందరరామం.

భద్రయ్య గోడవంక చూశాడు. గోడ మీద, పూలకుండీ వెనకాల సన్నగా తను. కిందకి చూసుకున్నాడు. కింద పూలకుండీ లేదు.

"ఏమోయ్! ఫోటోలు అబద్ధమాడతాయని ఈ సభలో అంటావా? మాట వెనక్కి తీసుకో!"

సుందరరామం వెనక్కి తీసుకున్నాడు.

"బాబాయ్, ఇప్పుడేం చేద్దాం?" అంది చారుమతి.

"అలా పిలవకూడదమ్మా," అన్నాడు గురునాథం మర్యాదగా. "రికార్డు ప్రకారం 'ఏమండీ' అనాలి."

సభ గొల్లుమంది. అప్పుడు మాణిక్యం లేచింది. "ఆయన నా మొగుడు!"

"సంతోషమండీ. మీ పెళ్ళి ఫోటో ఇప్పించండి."

"ఎక్కడిది? ఆయనెప్పుడూ కెమెరా వెనకాలే ఉన్నారు. నా పక్కకి ఎప్పుడొచ్చారు గనక!"

నవ్వులు ఆగాయి. సుందరరామం మాణిక్యం వంక తిరిగాడు. అడవిలో ప్రతి ముఖానికీ ఏ పక్క అందమో అతనికి తెలుసు. మాణిక్యానికి ఏ పక్క అందమో ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూశాడు. రెండు పక్కలా బాగుంది.

"ఏమండీ అధ్యక్షులవారూ, మీరు నన్ను ఎవరికిచ్చి రాసుకున్నా సరే," అంది చారుమతి. "రికార్డు మీరుంచుకోండి. మొగుణ్ణి నేను తీసుకుపోతా."

అని పురుషోత్తం చెయ్యి పట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి, ఏమనుకుందో వెనక్కొచ్చి, సుందరరామం మెళ్ళోంచి కెమెరా తీసుకుంది. మైనంతో చిల్లు పూడ్చిన కెమెరా అది.

"నువ్వెళ్ళి పిన్ని పక్కన నిలబడు."

"నీకు తియ్యడం రాదే!"

"రానక్కర్లేదు, నిలబడు."

అతను వెళ్ళి నిలబడ్డాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ప్రపంచానికంతటికీ చెప్పినవాడు! మాణిక్యమే అతని చెయ్యి తీసి తన భుజం మీద వేసుకుని, "ఇన్నాళ్ళకి వెలుతురు బాగుంది," అంది. ఇద్దరూ నవ్వారు. నవ్వుతుండగానే క్లిక్!

ఫోటో ఘోరంగా వచ్చింది. సగం చారుమతి వేలు, మిగతా సగం ఊగిపోతున్న రెండు తోకలు. ముఖాలు తెలియడం లేదని గురునాథం తిరగ్గొట్టాడు. మాణిక్యం దాన్ని అటకపై పెట్టెలో దాచుకుంది.

చారుమతి మాట మర్నాటికల్లా అడవంతా పాకింది. తర్వాత ఎవరూ రికార్డు కోసం పెళ్ళి చేసుకోలేదు. ముచ్చటపడ్డవాళ్ళు స్టూడియోకి వస్తారు, తక్కినవాళ్ళు రెండు కూతలు కూసుకుని పోతారు. తీర్మానాన్ని మాత్రం ఎవరూ రద్దు చెయ్యలేదు, రద్దుకి ఫైలు కదలాలి.

అందుకే ఇప్పటికీ ఏటా గురునాథం జనాభా లెక్కలకి ముళ్ళపందుల కలుగు దగ్గరికి వెళతాడు.

"ఇంటి యజమాని సుందరరామం గారున్నారా?"

"లేరండీ, చెట్టు మీదున్నారు," అంటుంది చారుమతి.

"మరి ఈయన?"

"చుట్టపుచూపుగా వచ్చారు."

గురునాథం శ్రద్ధగా రాసుకుంటాడు: పురుషోత్తం, అతిథి, పిల్లలు నలుగురు.

నీతి: ఫోటోలో పక్కన ఎవరున్నా పరవాలేదు, ఇంటికి ఎవరితో వెళుతున్నారో చూసుకోండి.