గోడ మీద సముద్రం

ఆ వీధికంతా ఒకటే సముద్రం. అది ఫొటో స్టూడియో వెనక గదిలో, గోడకు వేలాడే గుడ్డ మీద ఉంది. దాన్ని గీసినాయన అసలు సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడలేదు.

ఆయన్ని అందరూ స్టూడియో గారనే పిలుస్తారు. పెళ్లయిన కొత్తలో, ఫొటోలకొచ్చే జంటల వెనక ఏదో ఒకటి ఉండాలని, ఒక క్యాలెండరు బొమ్మ ముందు పెట్టుకుని సగం చూసి, సగం ఊహించి గీసేశారు. కింద ఇసుక, పక్కన కొబ్బరిచెట్లు, మధ్యలో నీలం రంగు డబ్బా అయిపోయేదాకా నీళ్లు. ఆ వీధిలో పెళ్లి చేసుకున్న ప్రతి జంటా ఆ నీళ్లకు వీపు పెట్టి నవ్వింది. అచ్చం నిజం సముద్రమే అని అందరూ అన్నారు. అన్నవాళ్లలో సముద్రం చూసినవాళ్లు లేరు. అయినా ఆయన పొంగిపోయారు.

అన్నిటికన్నా ఆయనకు గర్వం, బయట అద్దాల పెట్టెలో ఉన్న ఒక పెళ్లికూతురి ఫొటో. ఆ పిల్ల నవ్వు ఫ్రేములో పట్టక బయటికి దూకేటట్టు ఉంటుంది. ఎవరైనా ఆగి చూస్తే చాలు, ఆయన గడప దాటి వచ్చి మరీ, "మనిషిని నవ్వించడం అందరికీ రాదండీ, అదొక విద్య" అని చెప్పి లోపలికి వెళ్లేవారు.

అలాంటి ఇంట్లో ఒక ఉదయం ఆయన భార్య నెమ్మదిగా బాంబు పేల్చింది.

"ఏవండీ, పెళ్లిరోజుకి దీవికి పోదాం. రెండు రోజులు. మా తమ్ముడు పడవ టికెట్లు చూసి పెడతానన్నాడు."

"ఏ దీవి?"

"చిన్నదేలెండి. భోంచేసి బయల్దేరితే చుట్టూ తిరిగొచ్చేసరికి కాస్త ఆకలేస్తుందంట, అంతే."

"అక్కడేముంటుంది?"

"చుట్టూ సముద్రం."

"ఓస్, అదెంత? మన వెనక గదిలో లేదూ?"

"దాన్ని ఇన్నేళ్లుగా దులుపుతూనే ఉన్నాను. దులపక్కర్లేని సముద్రం ఒకసారి చూడాలని ఉంది."

స్టూడియో గారికి భయం పట్టుకుంది. ఆయన భయం పడవ గురించి కాదు. ఆవిడ నిజం సముద్రం చూసి ఇంటికొస్తుంది. వచ్చి వెనక గదిలోకి వెళ్లి గుడ్డకేసి చూస్తుంది. కూర తరగడం దగ్గర్నుంచి తాళం వెయ్యడం దాకా ఏ పనిలోనూ ఆవిడ ఆయన్ని మెచ్చుకోలేదు. ఆవిడ ముందు ఆయన తలెత్తుకుని నిలబడేది ఆ గుడ్డ దగ్గర మాత్రమే. అదీ పోతే ఇక ఆయనకేం మిగులుతుంది?

కాదనే ధైర్యం లేదు కనుక పథకం వేశారు. పథకానికి తోడు ఒక మనిషి కావాలి. లోకంలో ఇంతమంది ఉండగా ఆయన పోయి పోయి ఆవిడ తమ్ముణ్ణే పట్టుకున్నారు.

ఈ బావమరిది ఊళ్లో బస్టాండు పక్కనున్న పడవ టికెట్ల కౌంటర్లో కూర్చుంటాడు. ఎండ, వాన, గాలి తప్ప వేరే సంగతి మాట్లాడడు. అందుకని అందరూ అతన్ని వాతావరణం అంటారు.

"నాకో సాయం చెయ్యాలోయ్ వాతావరణం. తుఫానొస్తోందని మీ అక్కకి చెప్పు."

"ఆకాశం అద్దంలా ఉంది బావా."

"ఉంటే ఉందిలే, నువ్వు చెప్పు."

"ఎంత తుఫాను కావాలి?"

"పడవలు ఆగేంత."

"చిన్నాచితకా వాటికి మా పడవలు ఆగవు. పెద్దదే వెయ్యాలి" అని వాతావరణం డాక్టరు మందు రాసినంత గంభీరంగా తలూపాడు.

చెప్పడం చెప్పాడు. కాకపోతే వీధి మధ్యలో నిలబడి, మేడ మీదున్న అక్కకు వినబడేలా చెప్పాడు. "అక్కా! తుఫానంట! పెద్దదంట! పడవలు బందంట!"

ఆ ఊరికి సముద్రం బస్సులో సగం రోజు దూరం. అయినా తుఫాను మాట వీధిలో పడ్డాక ఊరుకుంటుందా? మందుల షాపాయన షట్టరు సగం దించాడు. అది చూసి కుట్టు టీచరమ్మ ఆరేసిన బట్టలన్నీ తడిగానే తీసేసింది. అది చూసి బ్యాంకు మేనేజరు సోఫాను మేడ మీదికి ఎక్కించబోయి మెట్ల మలుపులో ఇరికించాడు. పైన ఆయన, కింద భార్య, మధ్యన సోఫా.

వీధిలో గట్టి మేడ స్టూడియో గారిదే. మధ్యాహ్నానికి జనమంతా అక్కడికి చేరారు. టీచరమ్మ కుట్టుమిషను మోయించుకుని వచ్చింది. షాపాయన దగ్గు మందు పెట్టెలు తెచ్చాడు. చోటు చాలక అందర్నీ వెనక గదిలో కూర్చోబెట్టారు. తుఫానుకు భయపడి పారిపోయి వచ్చినవాళ్లంతా బారులు తీరి సముద్రం ఒడ్డునే కూర్చున్నారు.

"మీ ముందుచూపుకి దణ్ణం పెట్టాలి అన్నయ్యగారూ. వదినగారిని దీవికి పోకుండా ఆపారు" అంది టీచరమ్మ.

కిటికీలోంచి ఎండ విరగకాస్తోంది.

అప్పుడు ఆవిడ పెట్టె పట్టుకుని మేడ దిగింది.

"ఎక్కడికి?" అన్నారు ఆయన.

"దీవికి. మన ఊళ్లోనే ఇంత తుఫానొస్తుంటే ఇక్కడుండటం ప్రమాదం కదండీ. అక్కడ ఎండ కాస్తోందంట."

"ఎవరు చెప్పారు?"

గుమ్మంలో వాతావరణం పళ్లికిలించాడు. "నేనే బావా. మీరు కౌంటర్ దగ్గర్నుంచి కదలగానే అక్కకి అంతా చెప్పేశాను. రెండు సీట్లు, అంచు పక్కనే."

"నా మనిషివనుకున్నాను కదరా!"

"పుట్టినప్పట్నుంచీ నేను అక్క మనిషిని బావా."

ఇంతమంది ముందు తుఫాను లేదని చెప్పలేరు. ఉందని చెప్పి ఉండిపోనూ లేరు. తన తుఫానులో తనే కొట్టుకుపోయి ఆయన బస్సెక్కారు.

పడవలో ఆయన కళ్లు గట్టిగా మూసుకుని, తల తిరుగుతోందన్నారు. దీవిలో దిగాక కూడా తెరవలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని కొబ్బరిచెట్ల మధ్య నుంచి నడిపించింది.

"చాలు, ఇక తెరవండి."

తెరిచారు.

ఆ రంగుకు ఆయన డబ్బాల్లో పేరు లేదు. కాళ్ల దగ్గర నీళ్లకు అసలు రంగే లేదు. కాస్త ముందుకు లేత ఆకుపచ్చ, ఇంకా ముందుకు నెమలి మెడ రంగు, ఆపైన చెప్పడానికి వీల్లేనిది. నీళ్లు ఎక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. తను స్కేలు పెట్టి గీసిన గీత అది. పైగా అంతా కదులుతోంది. బతుకంతా అందరికీ "కదలకండి" అని చెప్పిన మనిషికి, ఆ మాట వినే అవసరం లేనిది ఇవాళ ఎదురుపడింది. ఆయనకు కళ్లనీళ్లు తిరిగాయి. ఇంత ఉందా అనుకున్నారు. ఇంతుందని తెలియకుండానే ఇన్నేళ్లు బతికానా అనుకున్నారు.

ఒక అల లేచి, తల వంచి, తెల్లగా విరిగి ఆయన మీదికే పరుగెత్తుకొచ్చింది. దాని వెనకే ఇంకోటి.

"ఏమోయ్" అన్నారు, "అలలు ఇటొస్తున్నాయి!"

"అలలు ఒడ్డుకే వస్తాయండీ."

"నావి అటు పోతున్నాయే!"

"పోతున్నాయి. మన పెళ్లయిన దగ్గర్నుంచీ పోతూనే ఉన్నాయి."

"నీకు తెలుసా?"

"అద్దాల పెట్టెలో పెళ్లికూతురు చెప్పింది. ఆ పిల్ల సముద్రం ఒడ్డునే పుట్టి పెరిగిందంట. మీరు కెమెరా సర్దుకుంటుంటే వెనక్కి తిరిగి గుడ్డ చూసింది. 'అక్కా, ఈ అలలు అలిగి వెళ్లిపోతున్నాయేంటి?' అని ఒకటే నవ్వు. మీతో అనొద్దని బతిమాలుకున్నాను."

ఆయన కాళ్ల కింద ఇసుక జారింది. నిజంగానే జారింది, అల లాక్కుపోయింది.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే దిద్దేస్తారని. వచ్చే అలలు లోకమంతా ఉన్నాయి. వెళ్లిపోయే అలలు మా ఆయన దగ్గరే ఉన్నాయి. నాకవంటే ఇష్టం" అంది ఆవిడ సముద్రంకేసి చూస్తూ. "ఆ గుడ్డ పరువు పోతుందని తుఫాను కూడా తెప్పించారు. తప్పులు వెతకడానికి రాలేదండీ నేను. చూడ్డానికొచ్చాను, అంతే."

ఎదురుగా ఉన్నది ఎక్కువో, పక్కనున్నది ఎక్కువో ఆయనకు తేలలేదు. నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డారు. మెడలో కెమెరా ఉన్న సంగతి కూడా మరిచిపోయారు. ఆవిడ మరిచిపోలేదు. దాన్ని మెల్లిగా తీసుకుని, ఎదురుగా వెళ్లి, మోకాలిలోతు నీళ్లలో నిలబడి ఫొటో తీసేసింది.

ఇంటికి రాగానే ఆయన కుంచె తడిపారు. కానీ నీలం డబ్బా కనబడలేదు. ఇల్లంతా వెతికినా దొరకలేదు. ఆవిణ్ణి అడిగితే ఏమో అంది.

ఇప్పుడు అద్దాల పెట్టెలో పెళ్లికూతురి పక్కన ఇంకో ఫొటో ఉంది. ఒకాయన నోరు బార్లా తెరిచి నిలబడ్డాడు. వెనక కొబ్బరిచెట్లే తప్ప చుక్క నీళ్లు లేవు.

టీచరమ్మ ఆగి చూసింది. "ఇదేంటి వదినా, అంత దూరం సముద్రానికి వెళ్లొచ్చి, సముద్రం ఏదీ?"

"ఆయన నోరు చూడు. అంతుంది" అంది ఆవిడ.

స్టూడియో గారు గడప దాకా వచ్చి, అది విని, పక్కనున్న పెళ్లికూతురి నవ్వుకేసి ఒకసారి చూసి, ఈసారి విద్య మాట ఎత్తకుండా లోపలికి వెళ్లి సముద్రం గుడ్డ దులపసాగారు.