వడకట్టిన కాలవ

కాలవ బాగుపడాలంటే దాన్ని బాగుచేయాలని ఎవరన్నారండీ? పరీక్షిస్తే చాలు! ఈ సత్యం తెలియక మన పెద్దలు పూడిక తీయించి, గుర్రపుడెక్క పీకించి, అనవసరంగా నడుములు విరగ్గొట్టుకున్నారు.

మా ఊరికి ఈ జ్ఞానం ఈమధ్యే కలిగింది. ఊరి మధ్యగా పారే గోదావరి కాలవ నీటిని ఇకమీదట పౌరులే పరీక్షిస్తారని మున్సిపాలిటీవారు ప్రకటించారు. వాళ్ల పని మన నెత్తిన పెట్టారని కొందరు గొణిగారు. నేను మాత్రం దేవుడికి స్తోత్రం చెప్పాను. పన్ను మనమే కట్టి, పనీ మనమే చేసుకునే భాగ్యం అందరికీ దొరుకుతుందా?

వాలంటీర్లకు టోపీ, టీషర్టు, ఒక కిట్టు ఇచ్చారు. కిట్టులోని సీసాలో నీళ్లు పోసి మందు చుక్కలు వేయాలి. ఆకుపచ్చ రంగు వస్తే మంచి నీళ్లు, నల్లబడితే చెడ్డవి. ఆ రంగు ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. మా వీధికి వాలంటీరు మా ఆవిడ దేవకుమారి. చీర మీద టీషర్టు ఎలా తొడుక్కోవాలో శిక్షణలో చెప్పలేదు కనుక దాన్ని మడతపెట్టి బీరువాలో దాచింది.

మా వీధి రేవుకు కాస్త ఎగువన మురుగు తూము ఉంది. ఊళ్లో హోటళ్లు, చికెన్ కొట్లు వదిలేదంతా అక్కడే కాలవలో కలుస్తుంది. ఆ దారిన మోటారుసైకిలు మీద వెళ్లేవారు కూడా ఒక చెయ్యి ముక్కుకిచ్చి, రెండో చేత్తోనే బండి నడుపుతారు. ఇంత మంచి ముక్కులుండగా కిట్టు దేనికని అడగకండి. ముక్కు చెప్పింది యాప్‌లో ఎక్కదు!

దేవకుమారి పెట్టిన మొదటి ఫలితం ఆకుపచ్చ. పక్క వీధులవారివీ ఆకుపచ్చే. నెల తిరిగేసరికి యాప్‌లో మా కాలవ వరిచేనులా పచ్చగా కళకళలాడింది. ‘ఈ నీరు స్నానానికి యోగ్యం’ అని మున్సిపాలిటీవారు బోర్డు కూడా పెట్టారు. వేరే చోటు లేక దాన్ని ఆ తూము గోడకే బిగించారు.

అక్కడినుంచే మాకు చిక్కొచ్చింది. మాది ముంచి బాప్తిస్మం ఇచ్చే బాప్టిస్టు సంఘం. అందుకోసం చర్చి ఆవరణలో తొట్టి కట్టించాలని చందాలు పోగుచేస్తున్నాం. బోర్డు చూశాక కమిటీవారు తొట్టి ఆలోచన మానేశారు. తాతల నాటిలాగే కాలవలో ఇద్దామని వచ్చే ఆదివారానికి ఖాయం చేశారు. ఈసారి బాప్తిస్మం మా అమ్మాయి తబితకే.

ఎదురింటి విజయ్ పాల్ గారు లూథరన్. చిలకరింపుతో సరిపెట్టుకునే సంఘం. ఆయన గేటు దగ్గర నిలబడి నన్ను పరామర్శించారు.

“మాకు నాలుగు చుక్కలతో అయిపోద్దండి. పాపం మీకే, నిలువునా మునగాలి.”

ఆ మాట విన్న దేవకుమారి వంటింట్లో కాసేపు గిన్నెలు అటూ ఇటూ జరిపి, బయటికొచ్చింది.

“ఏవండీ, పిల్లని నిజంగా ఆ నీళ్లలోనే ముంచుతారా?”

ఆకుపచ్చ అని తేల్చింది నువ్వే కదా అన్నాను.

“నేను తేల్చింది ఆ నీళ్లు కాదండి.”

అప్పుడు చెప్పింది. రేవులో తెట్టు అరచేత్తో పక్కకు తోసి బిందె ముంచిందట. పాత తెల్లచీర నాలుగు మడతలేసి వడకట్టిందట. పటిక తిప్పి, తేరనిచ్చి, కాచి, చల్లార్చి అప్పుడు సీసా నింపిందట. మిగతా వీధుల ఆడవాళ్లూ అంతేనట!

“ఆఫీసువాళ్లు చూసే నీళ్లండి. మురికినీళ్లు ఎలా పంపిస్తాం? మన పరువేం కావాలి?”

ఇందులో తప్పేముంది? కాలవ నీళ్లు తాగి పెరిగిన ఈ సీమలో వడకట్టకుండా పరాయివాళ్ల చేతికి నీళ్లిచ్చిన ఇల్లాలు ఉందా? మా కాలవకు మంచి పేరొచ్చింది మా ఆడవాళ్ల మర్యాద వల్ల!

మర్నాడు ఆమె రేవులో నీళ్లు ఉన్నవి ఉన్నట్టే సీసాలో పట్టి చుక్కలు వేసింది. నల్లబడ్డాయి. ఆ సీసా పట్టుకుని కిట్ల వ్యవహారం చూసే ఆఫీసరు పెద్దిరాజు గారి దగ్గరకు వెళ్లాను. జరిగిందంతా చెప్పి, మా పిల్ల మునగబోతోంది, ఆ బోర్డు తీయించండి, తూము సంగతి చూడండి అని బతిమాలాను. ఆయన టీ తెప్పించి, సీసాను వెలుతురుకు పెట్టి చూశారు.

“అన్నీ ఆకుపచ్చగా ఉండి ఇదొక్కటే నల్లగా ఉందంటే, దీన్ని కొట్టేయాలండి. అమ్మగారు సీసా సరిగ్గా కడిగినట్టు లేరు.”

ఈ మాట ఇంటికొచ్చి చెప్పాను. కాలవ మురికిదంటే ఓర్చుకున్న మనిషి, తన సీసా మురికిదంటే ఓర్చుకోలేకపోయింది! సాయంత్రానికల్లా సంఘంలోని ఆడవాళ్లందరినీ పోగేసింది. కాలవ గట్టున, సరిగ్గా ఆ బోర్డు కిందే, నల్లని ప్లాస్టిక్ ట్యాంకు ఒకటి దింపించింది. ఇక బిందెలు ముంచడం, చీరలు అడ్డుపెట్టి వడకట్టడం, పటిక తిప్పడం. పాస్టరుగారు ఒకసారి వచ్చి చూసి, పంచె ఎగ్గట్టి తానూ ఒక బిందె అందుకున్నారు.

ఆదివారం తబిత ఆ ట్యాంకులో మునిగి, నవ్వుతూ లేచింది. మేం పాట అందుకున్నాం. పక్కనే తూము తన పాట తాను పాడుకుంది.

ఆహ్వానం మీద పెద్దిరాజు గారూ వచ్చారు. ట్యాంకులో నీళ్లు సీసాలో పట్టి చుక్కలు వేశారు. ఆకుపచ్చ! అదే మా కాలవ నీటి ఫలితమని అక్కడికక్కడే యాప్‌లో ఎక్కించి, పౌరుల సహకారం అంటే ఇదీ అని మెచ్చుకున్నారు.

కనుక పాఠకులారా, కాలవను శుభ్రం చేసే దారి దొరికింది. మొత్తం కాలవను బిందెలతో మా ఇంటికి చేరవేయండి. దేవకుమారి వడకట్టి ఇస్తుంది. ఆ తూమును మాత్రం దయచేసి ముట్టుకోకండి. దాన్ని మూసేస్తే మా ఆడవాళ్లు ఏ నీళ్లు వడకట్టాలి? బోర్డు ఏ గోడకు బిగించాలి?

ఇంటికి వస్తూ పాస్టరుగారిని ఒక సందేహం అడిగాను. అయ్యగారూ, ఇంకా ట్యాంకు నిండా మంచి నీళ్లున్నాయి కదా, ఆ తూములోకి మురుగు వదిలేవాళ్లను, వదలనిచ్చేవాళ్లను కూడా ఒకసారి ముంచి తీయకూడదా అని.

ఆయన తడిసిన పంచె అంచు పిండుకున్నారు.

“నీళ్లకేం లోటు లేదండి. ముందు పశ్చాత్తాపం ఉండాలి.”